జీపుకు బిగించిన కుర్చీ

పదహారేళ్ళు వచ్చినా ఇంట్లో నన్ను బియ్యం బస్తా ఎత్తినట్టే ఎత్తేవారు. ముందు ఓ మాట అడగడమంటూ ఉండదు. పోలియో కాళ్ళను తీసుకుపోయింది సరే, నోరు ఉందిగా! రిక్షా గుమ్మం ముందుకొచ్చిందంటే చాలు, నేను మాట మధ్యలో ఉన్నా నాన్న చంకల కింద చేతులు పెట్టేసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. అందుకే నేపాల్ అడవికి వెళ్దామనుకున్నప్పుడు షరతు పెట్టాను. ఖడ్గమృగాన్ని నా కుర్చీలో కూర్చునే చూస్తాను, అడవిలో ఎవరి చంకా ఎక్కను. ఎక్కించారో, ఇల్లు చేరేదాకా అన్నం ముట్టను.

అమ్మ లెక్కలో నేపాల్ అంటే ఫారినే. పాస్‌పోర్టు అక్కర్లేదన్న సంగతి దాచిపెట్టి, మా టాటానగర్‌లోని బిష్టుపూర్ బజార్లో కనిపించిన వాళ్ళందరికీ "మేం ఫారిన్ ఎల్తన్నాం" అని చాటింపు వేసింది. ఫారిన్ చలి కోసం నలుగురికీ స్వెట్టర్లు అల్లింది. తీరా వెళ్తే అక్కడ మా ఊరికంటే ఎక్కువ ఉక్కపోత.

నాన్న ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఆదిత్యపూర్‌లో ఒక షెడ్డులో వెల్డరు. ఇలాంటి ఇద్దరు కలిసి చక్రాల కుర్చీ చేస్తే ఏమవుతుందో మా ఊరి వాళ్ళకు చెప్పక్కర్లేదు. క్రేను కొక్కెమైనా, గొలుసైనా, ఎత్తాల్సిన బరువుకు ఐదింతలు తట్టుకోవాలన్నది నాన్న పాటించే నియమం. నేను ముప్పై కిలోలు. కుర్చీ మాత్రం ఏనుగు కూర్చున్నా చెక్కుచెదరకుండా యాంగిల్ ఐరన్‌తో తయారైంది.

"బావా, ఇంకో సపోర్టు ఏసేద్దాం" అనేవాడు మావయ్య.

"ఏసెయ్, పోయిందేటి?" అనేవాడు నాన్న.

పోయింది నడుము. టాటానగర్ స్టేషన్లో దాన్ని రైలెక్కిస్తుంటే మావయ్య నడుము పట్టేసింది. నన్ను మాత్రం మామూలుగానే, అడక్కుండా ఎత్తి బోగీలో కూర్చోబెట్టారు. నేను రెండు స్టేషన్ల దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

రక్సౌల్ సరిహద్దులో తనిఖీ చేసే ఆయన కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇది ఏ మిషనని అడిగాడు. "బేటీ కీ కుర్సీ" అని నాన్న గర్వంగా నన్ను చూపించాడు. ఆయన నన్నూ, కుర్చీనీ మార్చి మార్చి చూసి, వెళ్ళమన్నట్టు చెయ్యూపాడు.

అడవిలో మాకు పైకప్పు లేని జీపు దొరికింది. నాన్న దాని వెనక సీటు విప్పించి, మోసుకొచ్చిన ఇనప పలకను వాలుగా ఆనించాడు. ముగ్గురూ కలిసి నన్ను కుర్చీతో సహా పైకి తోశారు. సీటు తీసిన కన్నాల్లోనే నాలుగు బోల్టులు వేసి, కుర్చీని నాన్న తన పద్ధతిలో బిగించాడు. అంత బిగింపు ఎందుకని జీపు నడిపే గైడు గొణుగుతూనే ఉన్నాడు. నేను మహారాణిలా కూర్చున్నాను.

వాగు దాటేచోట జీపు ఇసుకలో కూరుకుపోయింది. దేని బరువు వల్లో నేను చెప్పను. అందరూ దిగి తోస్తుంటే, నేను పైనుంచి "జోర్ సే, జోర్ సే" అని అజమాయిషీ చేశాను. అప్పుడు పక్కనున్న ఎత్తైన గడ్డి ఒరిగింది. ఖడ్గమృగం బయటికొచ్చి నిలబడింది, ఇరవై అడుగుల దూరంలో.

"పేడ్ పర్ చఢో!" అన్నాడు గైడు గొంతు తగ్గించి, చెట్లవైపు చూపిస్తూ. అమ్మ చీర కట్టుకుని అంత చురుగ్గా చెట్టెక్కగలదని ఆ రోజే తెలిసింది. మావయ్య నడుం నొప్పి ఏమైందో ఆయనకే తెలియాలి.

నాన్న మాత్రం జీపులోకి దూకాడు. స్పానరు తీసి మొదటి బోల్టు మీద పడ్డాడు. తన చేత్తో బిగించిన బోల్టు, అంత తేలిగ్గా వస్తుందా? రాలేదు. స్పానరు వదిలేసి నా చంకల కింద చేతులు పెట్టాడు. భయం వేసింది, కాదనను. కానీ ఇంత దూరం వచ్చి మళ్ళీ బస్తానైపోతున్నానే అన్న ఏడుపే ఎక్కువగా తన్నుకొచ్చింది.

నాన్న నా మొహం చూశాడు. చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఎత్తమంతావేటమ్మా?" అన్నాడు గుసగుసగా.

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట వినడం అదే మొదటిసారి.

"వద్దు నాన్నా. సూడనీ."

నా కాళ్ళ దగ్గర చతికిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. ఖడ్గమృగం మావైపు చెవులు తిప్పింది, కాసేపు గడ్డి నమిలింది, మాతో పనిలేదని తేల్చుకుని వాగులోకి దిగిపోయింది. దాని ఒంటి నిండా పలకలు అతికినట్టు మడతలు.

"ఎల్డింగు బాగుంది" అన్నాడు నాన్న, ఊపిరి వదిలి.

తిరుగు ప్రయాణంలో కూలీలు కుర్చీని ముందే రైలెక్కించారు. నేను ప్లాట్‌ఫారం మీద ట్రంకు పెట్టె పైన కూర్చున్నాను. నాన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చేతులు చాచలేదు.

"ఎత్తమంతావా?"

రైలు కూత వేసింది. "ఏటి సేత్తన్నారక్కడ? బండెల్లిపోద్ది!" అని అమ్మ కిటికీలోంచి కేకలు పెడుతోంది. నాన్న కదల్లేదు, నా మాట కోసం చూస్తున్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో! అంత సంతోషాన్ని ఒక్క మాటతో ముగించబుద్ధి కాలేదు. కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి, అప్పుడు "ఊఁ, ఎత్తు" అన్నాను.