వడగట్టని రసం

మా పెద్దమ్మ పోయింది. నాన్న లూనా మీద తోటలోకి వచ్చి, "ఇంటికి పదరా, మీ పెద్దమ్మ లేదు," అన్నాడు. మామిడి రసాలు కోతకొచ్చిన వారం. కోస్తున్నవాళ్ళు కాయలు దింపే చిక్కాల కర్రలు దించేశారు. వాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గర సైన్సు చదివినవాళ్ళే.

ఒకసారి ఈస్టు చూపిస్తానని క్లాసులోకి కల్లు ముంత తెచ్చింది. హెడ్మాస్టరుగారు వాసన పట్టి వచ్చి, "ఏంటి టీచరుగారూ ఇది?" అంటే, "పాఠమండీ," అంది. ఆ నురగ పొంగించే ఈస్టుకి చుట్టాలు మన పేగుల్లోనూ ఉంటాయట. వాటిని హద్దులో ఉంచేది మంచి బాక్టీరియా. మనకి అరగని పీచే ఆ బాక్టీరియాకి కూడు. "వాటిని పస్తు పెట్టారో, ఇంక ఈస్టుది ఇష్టారాజ్యం," అనేది. అయితే పీచు తింటే రోగాలు పోతాయా అని అడిగితే, "అది కూడురా, మందు కాదు," అనేది. పీచు లేని బంగినపల్లిని అల్లుళ్ళ పండని వెక్కిరించేది. రిటైరై మా ఇంటికొచ్చాక కూడా ఏటా పీచున్న పెద్దరసాలే తింది.

మొన్న చలికాలంలో ఊపిరితిత్తులకి జబ్బు చేసింది. నెలల తరబడి సూదులు, బిళ్ళలు. వాటికి మంచి క్రిములూ చచ్చాయి కాబోలు, నాలుక మీద తెల్లగా పేరుకుంది. ఈస్టేనని డాక్టరుగారు మందు రాశారు. "ఇన్నేళ్ళు దాని గురించి చెప్పాను కదా, చూడ్డానికొచ్చింది," అంది పెద్దమ్మ. నేను నవ్వలేకపోయాను.

మా వైపు జబ్బుమనిషికి పీచు తగలనివ్వరు. బ్రెడ్డు, పాలు, అంతే. రసాలొచ్చాక అమ్మ పాత పంచెలో వడగట్టి, పీచు గేదెకి వేసి, చెంచాతో రసం పట్టేది.

"ఆ పీచు నాకియ్యవే. గేదె కడుపు బానే ఉంది."

"నీ పొట్టకి పడదక్కా."

అక్కని పోగొట్టుకుంటానని అమ్మ భయం. పండుని పండులా తినాలని పెద్దమ్మ ఆశ. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

వడగట్టడం వల్ల ఆవిడ పోలేదు. ఊపిరితిత్తులే ఇంక పనిచెయ్యవని నిన్న డాక్టరుగారు చెప్పేశారు. అది విన్నాక అమ్మ పంచె జోలికి పోలేదు. ఒక పెద్దరసం మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, అక్క నోటికి పెట్టింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని కాస్త పీల్చింది.

"పళ్ళలో పీచు ఇరుక్కుందే," అంది.

అమ్మ తియ్యబోతే వద్దని తల ఊపింది.

ఇవాళ స్నానం చేయించేటప్పుడు ఆ పీచు అక్కడే ఉంది. చుట్టాల్లో ఒకావిడ తియ్యబోయింది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు.