మామ కొలిచిన మాటలు

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక జపాన్ యానిమే సిరీస్ ఆఖరి భాగం చూడటం ముగించాను. నాకు యాభై దాటాయి. ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాని. ఈ వయసులో బొమ్మల సిరీస్‌లు చూస్తాననీ, కత్తులూ మంత్రాలూ ఉండే రోల్ ప్లేయింగ్ వీడియో ఆటలు నెలల తరబడి ఆడతాననీ ఆఫీసులో ఎవరికీ చెప్పను. లాక్‌డౌన్‌లో పట్టుకున్న పిచ్చి, వదల్లేదు. చంద్రపూర్ ఎండకు కూలర్ గుర్రుమంటోంది. చెవుల్లో పెట్టుకునేవి చార్జింగ్ అయిపోతే, మామ ఎలాగూ నిద్రపోతున్నాడు కదా అని సౌండు బయటికే పెట్టాను. చివరి దృశ్యంలో కథానాయిక కొండ మీద నిలబడి ఒక మాట అంది. కింద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. రెండేళ్ళ కింద ఆగిపోయిన అలవాటు ఎక్కడి నుంచి ఊడిపడిందో, ఆ మాటను పైకే తెలుగులో అనేశాను. మంచం మీద నుంచి మామ జవాబిచ్చాడు. రెండే ముక్కలు. కానీ అవి వినగానే నేను టీవీ ఆపేశాను. ఎందుకో తెలియాలంటే ముందు మామ సంగతి చెప్పాలి.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఘుగ్గుస్ బొగ్గు గనిలో నీళ్ళు తోడే పంపు మీదే ఉద్యోగమంతా చేశాడు. అది ఆరు రోజుల పని. ఏడో రోజు కాలనీ చర్చిలో తర్జుమా పని. మా తెలుగు కుటుంబాల్లో ఆడవాళ్ళకు, ముసలివాళ్ళకు అప్పట్లో తెలుగు తప్ప మరొకటి వచ్చేది కాదు. నాగపూర్ నుంచి వచ్చే పాస్టర్లేమో హిందీలోనో మరాఠీలోనో మాట్లాడేవారు. పాస్టరు పక్కన చేతులు కట్టుకుని మామ నిలబడేవాడు. పాస్టరు గొంతు పెంచితే పెంచేవాడు, తగ్గిస్తే తగ్గించేవాడు, వేలు చూపిస్తే ఆ వేలే చూపించేవాడు. ఒక ఆదివారం మా అత్త ఆలస్యంగా వచ్చింది. పాస్టరుకు కోపం వచ్చి, అదిగో ఇప్పుడు లోపలికి వస్తున్న ఆ తల్లికి దేవుడి కంటే వంటిల్లే ఎక్కువ అన్నాడు. మామ ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా కట్టుకున్న భార్య వైపు వేలు చూపించి అదే మాట అంతే కోపంగా తెలుగులో అన్నాడు. ఆ రోజు అత్త ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. మామ మా ఇంటికి వచ్చి తిన్నాడు. తింటూ మా అమ్మతో, "నేనేం జేయాలె అక్కా, మాట ఆయనది, నేను నోరే ఇచ్చిన" అన్నాడు.

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. నేను చదివింది మరాఠీ బడి. వేసవి సెలవుల్లో పలక పట్టుకుని ఆయన ముందు కూర్చునేవాణ్ణి. కాలనీలో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎక్కువమంది ఉండేవారు కాదు. ఆయన దగ్గర పెద్దక్షరాల బైబిలు ఒకటి ఉండేది, అంచుల నిండా ఎర్ర పెన్సిలు గీతలు. షుగరు ముదిరి ఎడమ కన్ను పూర్తిగా పోయి, కుడి కంట్లో మసక మిగిలినప్పుడు, అప్పటికి అత్త కూడా పోయింది, నేనే వెళ్ళి ఆయన్ని చంద్రపూర్ తీసుకొచ్చాను. ఆ బైబిలు ఒళ్ళో పెట్టుకునే వచ్చాడు. నేను చదివి వినిపించబోతే రెండు వచనాలు విని, "నువ్వు సదువుతుంటే పాకే పోరడు గడప దాటినట్టున్నది. కండ్లు తేటపడనీ, నా పుస్తకం నేనే సదువుకుంట" అన్నాడు. ఆయన దేవుణ్ణి అడిగిందల్లా ఆ ఒక్కటే.

అలా ముందు గదిలో, నా టీవీకి ఎదురుగా, ఆయన మంచం పడింది. మొదట్లో నేను యానిమే చూస్తుంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాలుగో రోజుకి, "ఆ ఏడ్సేటామె ఏమంటున్నది?" అని అడిగాడు. వాళ్ళమ్మ చనిపోయిందని చెబుతోంది మామా అన్నాను. ఆయన లేచి కూర్చున్నాడు. తర్జుమా చేసే తీరు అది కాదట. అంటోంది, చెబుతోంది అనకూడదట. ఆమె ఏమందో దాన్ని ఆమె అయిపోయి అనాలట. సరేనని మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం ఒక రాక్షసుడి తరఫున "మీ వంశాన్ని బూడిద చేసి ఆ బూడిద మీద నిద్రపోతా" అని ఆయన కోరినంత గట్టిగా అరిచాను. పక్కింటి మరాఠీ ఆవిడ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చి "కాయ్ ఝాలం, వహినీ?", ఏమైంది వదినా అని మా ఆవిడను అడిగింది. మా ఆవిడ ఏమీ కాలేదు, మామా అల్లుడూ టీవీ చూస్తున్నారంది. హిందీలో డబ్బింగు చేసినవి కూడా పెట్టి చూశాను, నాకు శ్రమ తప్పుతుందని. మామకు నచ్చలేదు. అసలు మనిషి గొంతు అసలు మనిషిదేనట, దాని మీద మన్ను కప్పొద్దట.

మేమిద్దరం మనసు పెట్టి చూసిన సిరీస్ కంచు గంటలు పోసే ఒక ముసలాయనది. మంచు కొండల్లో ఊరూరూ తిరిగి పగిలిన గంటలను కరిగించి మళ్ళీ పోస్తుంటాడు. వెంట ఒక శిష్యురాలు. నిజం చెప్పాలంటే మొదటి నాలుగు భాగాల్లో ఏమీ జరగదు, నడుస్తారు, సూప్ తాగుతారు, మళ్ళీ నడుస్తారు. ఆ అమ్మాయి కళ్ళు మొహంలో సగం ఉంటాయి. మొదట్లో వచ్చే పాట చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. అయిదో భాగంలో మరిగే కంచును అచ్చులోకి వంపుతారు చూడండి, ఆ రంగు గీసినవాడి చేతికి దండం పెట్టాలనిపించింది. మామకు రంగు పట్టలేదు, మోత పట్టింది. ప్రతి ఊరి గంటకూ వేరే మోత పెట్టారు. ఆరో ఊరి గంట మోగగానే, "ఇది పాత సామాను కలిపి పోసిండు" అన్నాడు మామ. రెండు నిమిషాల తర్వాత కథలో ముసలాయన ఆ మాటే అన్నాడు.

సిరీస్ లేని రోజుల్లో ఆట ఆడేవాళ్ళం. అది పాతకాలం పద్ధతిలో చేసిన ఆట. అందులో మనుషులు నోరు విప్పరు. మాటలన్నీ కింద డబ్బాలో అక్షరాలుగా పడతాయి, వెనక సంగీతం తప్ప గొంతులుండవు. నలుగురు ప్రయాణికులు రాజ్యమంతా తిరిగి పోయిన సూర్యుణ్ణి వెతికి తెస్తారు. ఇలాంటి ఆటల్లో ఒక ఆచారం ఉంది, ఎవరి ఇంట్లోకైనా జొరబడి కుండలు పగలగొట్టి అందులో దొరికిన మందూ మాకూ జేబులో వేసుకోవచ్చు. కుండ పగిలిన చప్పుడు మామ విన్నాడు. "ఎవరింట్ల కుండ పలగ్గొట్టినవ్ రా?" అన్నాడు. అందరూ అలాగే ఆడతారు మామా అన్నాను. "ఇంటోళ్ళు సూస్తలేరా?" చూస్తూనే ఉంటారు, ఏమీ అనరు అన్నాను. ఆయన చాలాసేపు బాధపడ్డాడు. ఆ తర్వాత మేము ఒక్క కుండా ముట్టకుండా ఆట మొత్తం ఆడాం. సంచిలో మందు లేక నా నలుగురూ చీటికి మాటికి చచ్చారు. చివరి రాక్షసుడి దగ్గర ఓడీ ఓడీ నా బొటనవేలు వాచింది. ఆ ఆటను ఇంత పేదగా ముగించినవాళ్ళు ప్రపంచంలో ఇంకెవరూ ఉండరు. అయినా అలాంటి ముగింపు నాకు వేరే ఏ ఆటా ఇవ్వలేదు.

గంటల సిరీస్ మొదటి సీజన్ ముగిసే చోట ముసలాయన జబ్బుపడి గుడిసెలో పడుకుని శిష్యురాలితో చాలాసేపు మాట్లాడతాడు. నేను వసంతం చూడను, నా కోసం కాచుకోవద్దు, కొలిమి అమ్మెయ్, నీ చెవి నా చెవి కంటే మంచిది అని. ఎదురుగా మామ మసక కన్ను నా వైపే తిప్పి కూర్చున్నాడు. అదంతా మింగేసి, "నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తా" అని ఊరుకున్నాను.

"ఆపు" అన్నాడు మామ. "ఆయన గంత పొడుగు మాట్లాడిండు. నువ్వు గింతే జెప్పినవ్. మిగిలింది ఏడ వోయింది?"

వెనక్కి తిప్పి మొత్తం చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. నువ్వెప్పుడూ మింగలేదా మామా అని అడిగాను, ఉక్రోషంగానే. ఒకసారి మింగానన్నాడు. ఒక కూలీ ఆసుపత్రిలో పోయినప్పుడు, డాక్టరు హిందీలో చెప్పింది ఆ మనిషి భార్యకు చెప్పాల్సి వచ్చిందట. "పానం మంచిగ లేదట అమ్మా అన్న, గంతే. ఆమె నా మొకం సూసింది. సూసి కింద గూసున్నది. నోటితోని దాస్తి గని మొకంతోని దాయలేకపోతి." తర్వాత నవ్వి, "నీకు గా బాధ లేదు, నీ మొకం నాకు కనవడది" అన్నాడు.

ఆ తర్వాతి నెలలోనే నాగపూర్ వెళ్ళాం, పెద్ద డాక్టరు దగ్గరికి. డాక్టరు కుడి కంట్లోకి లైటు వేసి చూసి, మామకు రాని భాష కావాలని కాబోలు, నాతో ఇంగ్లీషులో అయిదు నిమిషాలు మాట్లాడాడు. మంచి మనిషి, నెమ్మదిగా, ఏదీ దాచకుండా చెప్పాడు. చూపు తెచ్చే నరం ఎండిపోయింది. పోయింది తిరిగి రాదు, మిగిలిన మసక కూడా ఏడాదిలో పోతుంది. చుక్కల మందు రాసిస్తాను, అది నొప్పి రాకుండా మాత్రమే. మామ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, చర్చిలో పాస్టరు ఊపిరి తీసుకునేదాకా ఆగినట్టు, నా కోసం ఆగాడు.

"ఈ చుక్కలు ఏస్తే మెల్లగ తేటపడతదంటుండు మామా" అన్నాను.

అయిదు నిమిషాలకు ఒక్క వాక్యం. అంటూ ఉండగానే నాకు తెలుసు, ఈ మనిషి దగ్గర ఇది నిలవదని. ఇప్పుడు ఆపు అంటాడు, ఇప్పుడు అడుగుతాడు అని మెట్లు దిగేటప్పుడు అనుకున్నాను, స్టేషన్లో అనుకున్నాను. రైలు వరోరా దాటింది. ఆయన కిటికీ పక్కన కూర్చుని చల్లగాలికి మొహం పెట్టి, ఏ ఊరొచ్చింది అని తప్ప ఏమీ అడగలేదు. నమ్మేశాడు కాబోలని నాకు ప్రాణం కుదుటపడింది, దాని వెంటే సిగ్గు కూడా వేసింది. ఇంటికొచ్చి చాయ్ తాగాక, గంటల సిరీస్ పెట్టనా మామా, మొదటి నుంచి చూద్దాం అన్నాను.

"ఇయ్యాల బొమ్మలొద్దు. ఆట పెట్టు" అన్నాడు. "దాంట్ల గొంతులుండయ్. నువ్వేం జెప్తే గదే."

ఆ రోజు ఆ మాట నాకు ఎక్కలేదు. తర్వాత రెండేళ్ళు మా ఇంట్లో యానిమే మళ్ళీ బయటికి వినిపించలేదు. ఆయన అడిగినదల్లా ఆటలే. మూడు ఆటలు ముగించాం, కుండలు ముట్టకుండా. ఆయన కళ్ళల్లో పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి చుక్కలు వేశాను. ఈ మధ్యలో కుడి కన్ను కూడా ఆరిపోయింది. ఏ రోజున అన్నది ఆయన చెప్పలేదు. కిటికీ తెరిచినా ఆయన తల అటు తిరగకపోవడం చూసి నాకే తెలిసింది. అది తెలిశాక కూడా నేను చుక్కలు వేస్తూ, "ఎట్లున్నది మామా?" అని అడిగేవాణ్ణి. "జర తేటగనే ఉన్నది" అనేవాడు. ఇద్దరు మగవాళ్ళం, ఒకరి అబద్ధాన్ని ఒకరం తలగడ సర్దినట్టు సర్దుకుంటూ గడిపాం. చెప్పేద్దామని ఎన్నోసార్లు మంచం దాకా వెళ్ళాను. చెప్పి ఏం చేయాలి? డాక్టరు చేయలేనిది నేనేం చేస్తాను? మంచం దగ్గర దుప్పటి సరిచేసి తిరిగొచ్చేవాణ్ణి.

ఇక పోయిన ఆదివారం. గంటల సిరీస్ రెండో సీజన్ ఈ ఏడాదే వచ్చింది, ఒక్కణ్ణే చూశాను. చివర్లో తొందరపడ్డారు, మూడేళ్ళ కథను ఒక్క పాటలో చుట్టేశారు. కానీ ఆఖరి దృశ్యం నిలబెట్టింది. పెద్దదైన శిష్యురాలు గురువు సమాధి దగ్గర కొండ మీద నిలబడి అంటుంది. నేను పైకి అనేసిన మాట అదే: "గురువుగారూ, మీరు చివర పోసిన గంట ఇప్పటికీ కొంచెం తప్పుగానే మోగుతోంది. సరిచేయగలను, చేయలేదు. ఆ ఊరికి ఆ మోతే అలవాటైంది."

"పొడుగు సరిపోయింది" అన్నాడు మామ మంచం మీద నుంచి.

నేను టీవీ ఆపాను. ఆయన లేచి, గోడకు ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నాగపూర్‌లో కూర్చున్నట్టే.

"ఇగ డాక్టర్‌ది చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆయన నేర్పిన పద్ధతిలోనే చెప్పాను, డాక్టరునే అయి. నరం సంగతి, మసక సంగతి, చుక్కలు దేనికన్న సంగతి. "నేను చేయగలిగింది ఇక ఏమీ లేదు" అన్న మాటను రెండుసార్లు మొదలుపెట్టాను. ఆయన తొందరపెట్టలేదు. అంతా అయ్యాక తల ఊపాడు.

"నీకు తెల్సా?" అన్నాను.

"తెల్సు. గప్పుడే తెల్సు. ఆయనది గంత పొడుగు, నీది గింతే."

"మరి గీ రెండేండ్లు సుక్కలెందుకు ఏయించుకున్నవ్ మామా?"

"నువ్వు ఏస్తుంటివి గదా" అన్నాడు.

సాయంత్రం అయిదింటికి ఫ్రిజ్‌లో నుంచి చుక్కల సీసా తీశాను. మూత తిప్పి, ఏం చేయాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. సీసా మూత చప్పుడు విని, రోజూలాగే ఆయన తల వెనక్కి వాల్చాడు. వేశాను. ఎట్లున్నదని అడగలేదు. నాగపూర్‌లో అయిదు నిమిషాల్లో అయిపోయిన మాట మా ముందు గదిలో పూర్తి కావడానికి రెండేళ్ళు పట్టింది, ఆ రెండేళ్ళూ ఆయన నా కోసం ఆగే ఉన్నాడు.