ఏకాదశి నాటి గుడ్ల ట్రేలు

ఇప్పుడంటే తిథులూ పండుగలూ ఫోన్లలో చూసుకుంటున్నాం గానీ, ఆ రోజుల్లో మా శామీర్‌పేట ఇళ్ళల్లో దేవుడి బొమ్మ లేని కాగితం దొరకడమే కష్టం. క్యాలెండర్‌లో వేంకటేశ్వరుడు, పెళ్ళి పత్రికల మీద వినాయకుడు, అగరుబత్తి డబ్బా మీద లక్ష్మీదేవి, చివరికి ఎరువుల దుకాణం వాళ్ళు పంచిన అట్ట విసనకర్ర మీద కూడా హనుమంతుడు. వాటిని చెత్తలో వేస్తే పాపం, పొయ్యిలో పెడితే మహాపాపం. అందుకని ప్రతి ఇంట్లో అటక మీద దేవుళ్ళ మూట ఒకటి పెరుగుతూ ఉండేది. ఏడాదికోసారి మా భజన మండలి వాళ్ళు ఆ మూటలన్నీ పోగేసి, తాళాలు వాయిస్తూ తీసుకెళ్ళి చెరువులో కలిపేవాళ్ళు. (కలిపేవాళ్ళు అని మర్యాదకు అంటున్నాను. కాగితం కలవదు, తేలుతుంది.)

నేను అప్పుడు మేడ్చల్‌లో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు మండలిలో పిల్లలకు శ్లోకాలు నేర్పుతూ, లోకాన్ని ఉద్ధరించే పని నాకే అప్పగించారని గట్టిగా నమ్ముతున్న వయసులో ఉన్నాను. ఒక పొద్దున చెరువు గట్టున పోతుంటే, ముందటేడు మేం భక్తితో సాగనంపిన వేంకటేశ్వరుడి మీద కాలు పెట్టి ఒక బర్రె నిలబడి ఉంది. నా గుండె తరుక్కుపోయింది. పాత కాగితాన్ని నానబెట్టి కొత్త కాగితం చేస్తారని కాలేజీలో చెప్పిన పాఠం ఆ క్షణాన గుర్తొచ్చింది. పునర్జన్మకు ఇంతకంటే రుజువు ఏం కావాలి? ఆ శనివారం భజన అయ్యాక లేచి, బర్రె సంగతి చెప్పి, కాగితానికీ మళ్ళీ జన్మ ఉంటుందని, చెరువు పాడు చేయడం కంటే కాగితపు మిల్లుకు పంపడమే ధర్మమని చాలాసేపు మాట్లాడాను.

మండలికి పెద్ద తాళాల తాత. (నిద్రలో కూడా తాళాలు వదలడని మా నమ్మకం.) ఆయన అంతా విని, "మంచిదే రా. మరి ఏ జన్మ ఎత్తుతరు? ఏమన్న గ్యారంటీ ఉన్నదా?" అన్నాడు. నేను తడుముకోకుండా, "రామకోటి పుస్తకాలైతయి తాతా. ఏకాదశి నాటికి తెప్పిస్త. మన పిల్లలు వాటి మీదనే రామనామం రాస్తరు," అన్నాను. ఆ మాట ఎవరు చెప్పారని మీరు అడగవచ్చు. ఎవరూ చెప్పలేదు. అంత మంచి పనికి అంత మంచి ఫలితమే వస్తుందని నాకు నేనే తేల్చుకున్నాను.

మూటలు వచ్చిపడ్డాయి. అన్నిటికంటే చివర మా అవ్వ తన నరసింహస్వామి పటం తెచ్చింది. అద్దం ఎప్పుడో పగిలింది, చెదలు స్వామి పాదాల దాకా వచ్చాయి. "నా లగ్గంల మా నాయిన ఇచ్చిండు బిడ్డా. రోజూ గీయన మొకం జూసే పొయ్యి ముట్టించిన. నీ మాట మీద ఇస్తున్న. ఏమైండో నాకు జెప్పాలె," అంది. అప్పటిదాకా నాకు అదొక ఉద్యమం. అవ్వ చేతిలోంచి ఆ పటం అందుకున్నాక మాత్రం కొంచెం భయం వేసింది.

మేడ్చల్‌లో మా మేనమామ స్నేహితుడికి చిన్న కాగితపు మిల్లు ఉండేది. మూటలు దించి, "తయారైనంక మాకు కొన్ని పంపాలె మామా, ఏకాదశి ఉన్నది," అన్నాను. "కొన్నేంది అల్లుడూ, ఓ కట్టనే పంపుత," అన్నాడాయన. ఏం తయారవుతాయో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఏకాదశి నాడు భజన మంచి ఊపులో ఉండగా ఆటో వచ్చింది. జవహర్‌నగర్ చెత్తకుప్ప వైపు నుంచి వీచే గాలి కూడా ఆ రోజు కాస్త దయతలచినట్టుంది. గోనెపట్టా చుట్టిన కట్టను మంటపం ముందు దించారు. తాళాల తాత దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, పురికొస కోశాడు. లోపల బూడిదరంగులో వరసలు వరసలుగా గుంటలు.

"ఏందిరా ఇవి?" అన్నాడు తాత.

నేను అడుగున పుస్తకాలున్నాయేమోనని కట్టను తిరగేశాను. వెనక వరసలోంచి కిరాణం వదిన చెప్పింది. "కోడిగుడ్ల ట్రేలు మామా. మా దుకాన్ల ఉంటయి గదా."

గుడ్డు అనే మాట కూడా నోట రానివ్వకుండా "తెల్లది" అనే మనిషి తాళాల తాత. తన వేలికంటిన కుంకుమ వైపు చూసుకున్నాడు. "ఏకాదశి పూట దేవుళ్ళను కోళ్ళఫారానికి తోలినవా?"

నేను వదిన దుకాణానికి పోయి ఫోన్‌లో మిల్లు మామను అడిగితే, ఆయన నింపాదిగా, "రంగు కాయిదం తెల్లగ గావాలంటే మందులు పోసి కడగాలె అల్లుడూ. ఆ మురికి మల్ల ఏ చెర్లనో వడుతది. ట్రేలకైతే ఉట్టి నీళ్ళు సాలు," అన్నాడు. అదే వచ్చి చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. వచ్చే ఏడు మూటలు చెరువుకే అని ఒకరంటే, పోరని మాట విన్నందుకు మనకు బుద్ధి లేదని ఇంకొకరు అన్నారు. నేను మాత్రం అవ్వనే చూస్తున్నాను. ఆమె మెల్లగా లేచి వచ్చి ఒక ట్రే ఒడిలో పెట్టుకుని, గుంటలో వేలు పెట్టి నొక్కి చూసింది.

"గీన్ల వెడితే గుడ్డు పల్గదా?" అని వదినను అడిగింది.

"లారీల ఎంత ఎగేసినా పల్గదు అవ్వా."

"మరింకేంది? పసిపోరని కోసం కంబం జీల్చుకొని వచ్చినాయన, ఓ గుడ్డును గాస్తే మీకేం వోయింది? బర్రె కాళ్ళ కింద ఉన్నప్పుడు ఎవ్వలన్న లేపిండ్రా?"

తాళాల తాతే ముందుగా, "దండం వెట్టి ఆ మూలకు వెట్టుండ్రి," అని తాళాలు అందుకున్నాడు. ఆ కార్తీకంలో మండలికి మట్టి ప్రమిదలన్నీ ఆ గుంటల్లోనే కూర్చుని వచ్చాయి. ఒక్కటీ పగల్లేదు. ఆ తరువాత మూటలు చెరువు వైపు వెళ్ళలేదు.

పాత కాగితం మిల్లుకు పంపితే నిజంగా భూమికి మేలా అని ఇప్పటి పిల్లలు నన్ను వాదంలోకి లాగుతారు. మేలే, అందులో నాకు సందేహం లేదు. కాకపోతే కాగితం ప్రతి జన్మకూ ఒక మెట్టు దిగుతుంది. క్యాలెండర్ ట్రే అవుతుంది గానీ ట్రే మళ్ళీ క్యాలెండర్ కాదు. కనుక దేవుణ్ణి అవసరం లేని చోట అచ్చు వేయకపోవడమే మొదటి సేవ. (నా పెళ్ళి పత్రికను పోస్టుకార్డు మీద, వినాయకుడు లేకుండా వేయించాను. మా మేనత్తలు ఇప్పటికీ మన్నించలేదు.)

అవ్వ పోయి చాలా కాలమైంది. బహదూర్‌పల్లిలో మా ఇంటి పక్క దుకాణానికి బెల్లం కోసం వెళ్ళినప్పుడల్లా, గుమ్మంలో పేర్చిన ట్రేలను చూసి నా చెయ్యి దానంతటదే గుండె మీదికి పోతుంది. మొన్న దుకాణం పిల్లవాడు కనిపెట్టాడు. "సార్, మీరు గుడ్లు కొననే కొనరు. మరి వచ్చినప్పుడల్లా దండమెందుకు వెడతరు?"

ఇరవై ఏళ్ళప్పుడైతే వాణ్ణి కూర్చోబెట్టి పునర్జన్మ గురించి గంటసేపు చెప్పేవాణ్ణి. "లోపల మా అవ్వ స్వామి ఉన్నడు తమ్మీ, పైలంగ దించు," అని మాత్రం చెప్పి, బెల్లం సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాను.