నా వాక్యమే నాకు ఆధారం

ఈరోజు ఉదయం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నిలబడి మా వదిన మీద అబద్ధాలకోరని ముద్ర వేశాను. ఆమె అని అప్పటికి తెలియదు. తెలియకపోవడం వల్ల తప్పేమీ తగ్గదు. ఆ ముద్ర ఇంకెవరి మీద వేసినా అంతే తప్పు.

ఇంటర్నెట్‌లో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసినదాన్నయినా దిద్దవచ్చు. చాలా ఏళ్లుగా జీతం లేకుండా అందులో పనిచేస్తున్నాను. కొంతకాలానికి తోటివాళ్లు నన్ను నిర్వాహకుణ్ణి చేశారు. అంటే పిచ్చిరాతలు తీసేసే అధికారం, అల్లరి ఖాతాలను నిరోధించే అధికారం వచ్చాయి. ఆ అధికారంలో సగం రాజకీయ నాయకుల వ్యాసాలకు కాపలా కాయడానికే సరిపోతుంది. ఎన్నికల వాసన తగిలితే చాలు, ఒకడు పొద్దున్నే వచ్చి 'పేదల పెన్నిధి' అని రాసిపోతాడు. మధ్యాహ్నానికి ఇంకొకడు దాన్ని 'భూకబ్జాదారు' చేస్తాడు. రెండూ తీసేస్తే ఇద్దరూ కలిసి నన్ను తిడతారు. వాళ్లకు ఐకమత్యం వచ్చేది ఆ ఒక్క విషయంలోనే. నేను అమ్ముడుపోయానంటాడు మొదటివాడు. ఎవరికో కూడా చెబుతాడు రెండోవాడు. విసుగెత్తి, ఈ మధ్య పూర్తిగా చదవకుండానే తీసేయడం అలవాటైంది.

ఆదివారం కదా, అబిడ్స్‌లో మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. వంగి ఒక అట్లాసు తిరగేస్తుంటే ఫోన్‌లో హెచ్చరిక మోగింది. నేను కనిపెట్టుకుని ఉండే వ్యాసాన్ని ఎవరో మార్చారు. నాంపల్లిలో మా అన్నావాళ్లు ఉండే గల్లీలోని దుకాణాల గురించిన వ్యాసం అది. ఒకప్పుడు రోడ్డు వెడల్పు కోసం వాటిని కూల్చడానికి వస్తే, ఒక నాయకుడు జేసీబీకి అడ్డం నిలిచి ఆపించాడని అందులో ఉంది. కొత్త ఖాతా ఒకటి ఆ వాక్యాన్ని కొట్టేసి, గల్లీ ఆడవాళ్లు వంతులు వేసుకుని రోడ్డు మీద కూర్చోవడం వల్లే కూల్చివేత ఆగిందనీ, నాయకుడు చివరి రోజు మాత్రమే వచ్చాడనీ రాసింది. ఆధారంగా ఒక పాత ఉర్దూ పత్రిక ఇచ్చింది.

నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఎదుటి పార్టీవాళ్ల పని అనుకుని, అలవాటు కొద్దీ ఇంకేమీ ఆలోచించకుండా తీసేశాను. మళ్లీ పెట్టారు. మళ్లీ తీశాను. మూడోసారి పెట్టగానే ఆ ఖాతాను వారం పాటు నిరోధించి, కారణం దగ్గర 'పార్టీ ప్రచారం, అబద్ధపు ఆధారం' అని రాసి, మళ్లీ అట్లాసు అందుకున్నాను.

కాసేపటికి వదిన ఫోన్ చేసింది.

"మరిదీ, ఏడున్నవ్?"

"అబిడ్స్‌ల, వదినా. పుస్తకాల కాడ."

"పుస్తకాలు తర్వాత సూద్దువు గని, మీ దాంట్ల ఎవడో సన్నాసి నన్ను ఆపేసిండు. వారం దాక రాయొద్దంట. అబద్ధాలు రాస్తున్ననంట. వాడెవడో జర కనుక్కో. అండ్ల నువ్వు పెద్దమనిషివి కద."

ఆమెకు ఖాతా తెరవడం నేర్పింది నేనే. వంటల గురించి రాస్తుందనుకున్నాను, ఏ పేరుతో తెరిచిందో కూడా అడగలేదు. నేను మారుపేరుతో రాస్తాను కాబట్టి నన్ను ఆమె పోల్చుకోలేదు.

"వదినా, ఆ సన్నాసిని నేనే."



"ఇంటికి రా," అని పెట్టేసింది.

అబిడ్స్ నుంచి నాంపల్లికి నడుస్తూ దారిపొడవునా నన్ను కాపాడే నియమాలు వెతుక్కున్నాను. మా దగ్గర నియమాలకు కొదవ లేదు. తమకు సంబంధమున్న విషయం మీద తాము రాయకూడదన్నది ఒకటి. వదిన కూడా ఆ రోడ్డు మీద కూర్చున్నదేనని గుర్తొచ్చి సంతోషించాను. నియమం దొరికిందన్న సంతోషం అది! తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ నియమమే చెప్పాను.

"అంటే కూసున్నోళ్లు రాయొద్దు. ఇంట్ల పండుకున్నోళ్లు రాయాలె. మంచి రూలే పెట్టుకున్నరు," అంది వదిన.

"నన్నయితే గీ పంచాయితిల లాగకుండ్రి," అని అన్న టీవీ ముందు నుంచి లేచి లోపలికి పోయాడు.

వదినది పాత హైదరాబాద్ కుటుంబం. వాళ్ల నాన్న ఇంటికి ఉర్దూ పత్రిక ఒక్కటే తెప్పించేవాడు. ఆయన పక్కన కూర్చుని ఆమె చదవడం నేర్చుకుంది. ఆ ఉద్యమం వార్త వచ్చిన పేజీని ఆయన దాచిపెట్టాడు. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు చదువుతూ తెలుగులో చెప్పింది. ఆడవాళ్లు స్టవ్ తెచ్చుకుని రోడ్డు మీదే టీ పెట్టుకున్న సంగతి కూడా అందులో ఉంది.

"నీకు సదవొస్తలేదు. అంతమాత్రాన అబద్ధమెట్లయితది?"

"కాదు వదినా, వ్యాసంల ఉన్నదానికి తెలుగు పత్రిక ఆధారం ఉన్నది కద."

"ఉంటే తియ్. ఏం రాసిన్రో నేను గూడ ఇంట."

ఆమె ల్యాప్‌టాప్‌లోనే ఆ తెలుగు వార్త తెరిచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. 'ఇనుప యంత్రానికి గుండె ఎదురొడ్డి' అన్న దగ్గర ఆగి, ఆ ముక్క మళ్లీ చదివాను. ఆ మాటలు నావి. అలాంటి మాటలు నేనే రాసేవాణ్ణి, అప్పట్లో.

వ్యాసం చరిత్ర వెనక్కి తిప్పాను. ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో అక్కడ ఉంటుంది. తెలుగు పత్రికలో ఆ వార్త రాకముందే, ఏ ఆధారమూ లేకుండా, ఆ వాక్యం నేను రాసి ఉన్నాను. విలేకరి దాన్ని ఎత్తిరాశాడు. తర్వాత ఎవరో ఆధారం అడిగితే, నేను వెతికి, ఆ వార్తే తెచ్చి పెట్టాను. దొరికిందని పొంగిపోయాను కూడా.

మరి నాకెక్కడిది ఆ వాక్యం? ఆ నాయకుడి సభల్లో విన్నది. కాలేజీ రోజుల్లో కండువా వేసుకుని ఆయన వెనక తిరిగాను, గోడలకు పోస్టర్లు అంటించాను. కండువా తీసేసిన రోజు నుంచి తటస్థుణ్ణి అయిపోయానని నమ్మాను. ఇన్నేళ్లూ ఊరందరి పక్షపాతం పట్టుకుంటూ తిరిగాను.

జరిగింది వదినకు చెప్పాను. ఆమె మొదట నవ్వింది.

"నువ్వు రాసినవ్, నిన్ను సూసి పేపరోడు రాసిండు, పేపరోణ్ణి సూసి నువ్వు నిజమే అనుకున్నవ్. అద్దం ముంగట నిలవడి నాకు నువ్వే సాక్ష్యమన్నట్టున్నది."

తర్వాత నవ్వు ఆపి అంది: "ఆయన ఆఖరి రోజు ఫోటో తీసేటోణ్ణి ఎంటవెట్టుకొని వచ్చిండు. మేమేమో ముంగట కూసున్నం. 'అమ్మా, జర పక్కకు జరుగుండ్రి, ఫోటోల అడ్డమొస్తున్నరు' అన్నరు. జరిగినం. గిప్పుడు నువ్వు గూడ జరగమంటివి. నాతోని కూసున్నోళ్లల్ల ఇంకా ఇద్దరమే ఉన్నం మరిదీ. మేము పోయినంక నీ వాక్యమే ఉంటది."

 క్షమించమన్నాను. "ముందుగాల రాసింది సరిజెయ్," అంది.

అక్కడే కూర్చుని మొదలుపెట్టాను. నిరోధం ఎత్తేశాను. ఆధారం లేని నా వాక్యాన్ని తీసేశాను. ఆమె రాసింది నా చేత్తో తిరిగి పెట్టలేదు. బంధువుని, పైగా ఆ పార్టీలో తిరిగినవాణ్ణి. వ్యాసం చర్చా పేజీలో ఉన్నదంతా రాశాను: ఆ వాక్యం నాది, ఆ వార్త నా వాక్యానికి నకలు, నేను ఒకప్పుడు ఫలానా నాయకుడి కార్యకర్తను, నేను నిరోధించిన మనిషి నా వదిన. ఉర్దూ పేజీ ఫోటో జత చేసి, చదవగలిగిన సభ్యులెవరైనా సరిచూడమని అడిగాను. అయిదు నిమిషాల్లో ఒక తోటి నిర్వాహకుడి జవాబు వచ్చింది: 'ఏకాభిప్రాయం రావాలి.' నేను ఎంతమందికి ఆ ముక్క విసిరి ఊరుకున్నానో! ఆయనకు ఫోన్ చేసి బతిమాలాను, ఉర్దూ వచ్చిన ఒక సభ్యురాలిని ఆయనే వెతికిపెట్టాడు. రేపు చూస్తానందామె.

"మరి నా పేరు కాడ పెట్టిన మరక?" అంది వదిన.

నిరోధాల చిట్టాలో ఒకసారి ఎక్కింది పోదు. నిర్వాహకులం కూడా చెరపలేం. దాని కింద ఇంకో పద్దు చేర్చడం ఒక్కటే మార్గం. అందుకు ఆ ఖాతాను మళ్లీ నిరోధించాలి. ఒక్క సెకను గడువు పెట్టి ఆమె ఖాతాను నిరోధించాను.

"మల్ల ఆపినవా!" అని వదిన కుర్చీలోంచి లేచింది.

"అయిపోయింది వదినా. గీడ సదువు."

కారణం దగ్గర రాసింది ఆమె నెమ్మదిగా చదువుకుంది: 'పై నిరోధం తప్పు. ఈ సభ్యురాలు అబద్ధం రాయలేదు. చదవలేని ఆధారాన్ని అబద్ధమన్నది నేను.' కింద మారుపేరుతో పాటు నా అసలు పేరు రాశాను. ఆ తర్వాత, రాజకీయ వ్యాసాల్లో ఎవరినీ నిరోధించే పని ఇక నాకు వద్దని నిర్వాహకుల పేజీలో రాసిపెట్టి, వ్యాసం చర్చా పేజీ తెరిచి, ఇక ఆమెనే రాయమని ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాను.