బయటి గడియ

ఆ హార్డ్‌వేర్ కొట్టుకి బోర్డు ఉంది, బోర్డు మీద పేరూ ఉంది. కానీ ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ అది ‘ఎటువైపక్క కొట్టు’. గడియ కావాలని ఎవరొచ్చినా, కొట్టు నడిపే అక్క ముందుగా అడిగే మాట అదే, తలుపుకి ఎటువైపు అని. లోపలివైపు అంటే సరే. బయటివైపు అన్నారో, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. ఏ గదికి, ఆ గదిలో ఎవరుంటారు, ఎందుకు వేస్తున్నారు, ఆ ఉండేవాళ్ళకి ఈ సంగతి తెలుసా అని వరసపెట్టి అడుగుతుంది. సామాన్ల గది కోసం వచ్చిన పెద్దమనిషి, అందులో విరిగిన కుర్చీలూ చీపుళ్ళూ తప్ప మనుషులెవరూ ఉండరని ఆవిణ్ణి నమ్మించేసరికి తల ప్రాణం తోకకి వచ్చేది.

గడియలతో ఆగినా బాగుండేది. అసలు హార్డ్‌వేర్ కొట్టులో ఒక్క మంచికే పనికొచ్చే వస్తువు ఏముంది గనక? థిన్నర్ అడిగితే, మత్తుకి పీల్చేవాళ్ళేమోనని, ఏ రంగులో కలుపుతారో ఆ డబ్బా తెచ్చి చూపించమనేది. యాసిడ్ అమ్మడం పూర్తిగా మానేసి, అడిగినవాళ్ళ చేతిలో సబ్బుపొడీ గట్టి బ్రష్షూ పెట్టి, రుద్దుకోండి, ఒంటికీ మంచిదే అనేది. తాడు అడిగితే ముందు మొహం చూసేది. ఒకసారి పన్ను నొప్పితో మొహం వేలాడేసుకుని, బట్టలారేసుకోవడానికి తాడు కోసం వచ్చిన ఒకాయన్ని గంటసేపు కూర్చోబెట్టి బతుకు మీద ఆశ పుట్టించే మాటలన్నీ చెప్పింది. ఆయన దవడ పట్టుకుని విన్నాడు, పాపం. ఆ తర్వాత ఆ వీధి ఛాయలకి రాలేదు.

వీటన్నిటికీ మధ్యలో నలిగిపోయేవాడు మరిది. కొట్టులో ఇద్దరే ఉండేవాళ్ళు, తనూ వదినా. అన్న పొద్దస్తమానం వ్యానులో సరుకు దించుకుంటూ తిరిగేవాడు. వచ్చిన బేరం వచ్చినట్టే పక్క వీధి కొట్టుకి వెళ్ళిపోతుంటే మరిది నెత్తీ నోరూ బాదుకునేవాడు. "వదినా, మనం అమ్మేది ఇనుము. ఇనుముకి బుద్ధుండదు. ఉంటే గింటే కొన్నవాడికి ఉండాలి" అన్నాడొకసారి. "కొన్నవాడికి లేకపోతే అమ్మినదానికైనా ఉండాలి కదయ్యా" అందావిడ. అతను చీపురు తీసుకుని, ఊడ్చిన కొట్టునే మళ్ళీ ఊడ్చాడు.

ఈ జబ్బు ఆవిడకి పుట్టుకతో రాలేదు. మామగారు కొట్టు తాళాలు చేతికిచ్చిన కొత్తలో ఎవరేం అడిగినా నవ్వుతూ తీసిచ్చేది. ఏడేళ్ళ కిందట ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి గడియ అడిగాడు. మర్యాదగా మాట్లాడాడు. ఈవిడ నాలుగు రకాలు ముందు పరిచి, బయటివైపుకైతే వానకి తుప్పు పట్టనిది తీసుకోండని, వేలంత లావు కడ్డీ ఉన్నదాన్ని తనే ఎంచి ఇచ్చింది. నెల తర్వాత, ఎప్పుడూ కొట్టుకొచ్చే వడ్రంగి ఒకతను ఆ ఇంటి తలుపు బాగుచేసి వస్తూ కబురు మోసుకొచ్చాడు. ఆయన తన భార్యని ఆ గదిలో పెట్టి పదకొండు రోజులు గడియ తియ్యలేదట. ఆమె తన్నగా తన్నగా తలుపు కింది పలక పగిలి, ఆ సందులోంచి పాకి బయటపడి పుట్టింటికి పోయిందట. పలక పోయింది గానీ గడియ మాత్రం చెక్కు చెదరలేదక్కా, మంచి సరుకు, అని మెచ్చుకుని మరీ వెళ్ళాడు వడ్రంగి. ఆ రోజు ఆవిడ అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి అడగడం మొదలుపెట్టింది, ఇక ఆపలేదు.

అలాంటి మనిషి ముందుకి ఒక ఉదయం ప్యాకింగు ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి వచ్చి నిలబడింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, కళ్ళ కింద నల్లటి చారలు. అడక్కముందే చెప్పేసింది. గడియ కావాలి, బయటివైపుకి, లోపల ఉండేది మా అత్తగారు.

ఎటువైపక్కకి ఒళ్ళు మండింది. అబద్ధమైనా ఆడకుండా ఎంత తెగించి అడుగుతోందో అనుకుని, దులిపెయ్యడానికి నోరు తెరిచింది. ఆ అమ్మాయి కొంగుతో మొహం తుడుచుకుని, "పక్క వీధి కొట్టులో ఏమీ అడక్కుండా ఇస్తారక్కా. నాకు తెలుసు. నువ్వు అడుగుతావనే ఇక్కడికొచ్చా. అడిగినదానివి ఏదో ఒక ఉపాయం కూడా చెప్తావేమోనని" అంది. ఎటువైపక్క స్టూలు లాగి ఆ అమ్మాయిని కూర్చోబెట్టింది. ఏడేళ్ళుగా అడుగుతోందే తప్ప, ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ చెప్పవలసిన అవసరం ఆవిడకి రాలేదు.

సంగతి ఏమిటంటే, అత్తగారికి మతిమరుపు ముదిరింది. పొద్దున్న బాగానే ఉంటుంది, పది దాటితే చెప్పులేసుకుని బయల్దేరుతుంది. ఎప్పుడో పోయిన మొగుడికి వర్క్‌షాపులో అన్నం ఇచ్చి రావాలంటుంది. ఆ వర్క్‌షాపు పడగొట్టి కూడా పదేళ్ళైంది. ఒకసారి పెద్ద రోడ్డు మధ్యలో దొరికింది, ఆమెకీ లారీకీ జానెడు దూరం. ఇంకోసారి రైలు గేటు దగ్గర దొరికింది. కొడుకూ కోడలూ ఒకే ఫ్యాక్టరీలో ఒకే షిఫ్టు. షిఫ్టు మార్చమని సూపర్‌వైజరుని బతిమాలారు, కుదరదన్నాడు. మనిషిని పెట్టుకుందామంటే ఒకళ్ళ జీతం మొత్తం ఆ మనిషికే పోతుంది.

ఎటువైపక్క తనకి తోచినవన్నీ బయటికి తీసింది. తలుపు తీస్తే మోగే గంట చూపించింది. మోగితే వినేదెవరక్కా అంది ఆ అమ్మాయి. లోపలివైపే గడియ బాగా ఎత్తులో పెట్టుకోమంది. ఆవిడ నాకంటే పొడుగు, పైగా వడ్రంగి పెళ్ళాం, నలభై ఏళ్ళు మొగుడితో సమానంగా తలుపులు బిగించిన మనిషి, ఏ గడియైనా కళ్ళు మూసుకుని తీస్తుందని జవాబు. చివరికి ఈవిడకి చిర్రెత్తుకొచ్చి, ఏమైనా సరే మనిషిని లోపలపెట్టి బయట గడియ వెయ్యడానికి నేను ఇవ్వను, లోపల నిప్పంటుకుంటే ఏం చేస్తావు అని గట్టిగా కసిరింది.

"సరే అక్కా. అయితే రేపు ఎనిమిదింటికి వచ్చి నువ్వు కూర్చో ఆవిడ పక్కన" అంది ఆ అమ్మాయి. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. ఉంటే ఎటువైపక్క తిరిగి నాలుగు అని ఉండేది.

ఎటువైపక్క నిజంగానే వెళ్ళింది. మరిది గుడ్లప్పగించి చూస్తుండగా కొట్టు అతని మీద పడేసి మర్నాడు ఎనిమిదింటికల్లా వెళ్ళి కూర్చుంది. ముందు వరండా, వెనక ఒకటే గది, గదిలోనే ఒక మూల స్టవ్వు. ముసలావిడ సరదా మనిషి. ఆ గది తలుపు బయటికి ఎందుకు తెరుచుకుంటుందో, వానాకాలం చెక్క ఎంత ఉబ్బుతుందో అన్నీ వివరంగా చెప్పింది. మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు పాలు పొంగుతున్నాయని ఈవిడ అటు తిరిగి ఇటు తిరిగేసరికి మంచం ఖాళీ. గుమ్మం బయట తన చెప్పులూ లేవు. ఎటువైపక్క ఉత్తకాళ్ళతో వీధి చివరిదాకా పరుగెత్తి, తన చెప్పులేసుకుని హాయిగా పోతున్న ముసలావిణ్ణి పెద్ద రోడ్డు మలుపులో పట్టుకుంది. "మెల్లగా పరుగెత్తమ్మాయ్, పడతావు" అందా ముసలావిడ. ఎటువైపక్కకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కళ్ళుండి, కాళ్ళుండి, వేరే పనేమీ లేకుండా పక్కనే కూర్చుని కూడా కాపాడలేనిదాన్ని, కాపాడలేనందుకు ఇంకొకర్ని తిట్టడానికి నేనెవరిని అని తనని తానే తిట్టుకుంది.

ఆ సాయంత్రం ఆ అమ్మాయికి మాటిచ్చింది, గడియ తనే తెచ్చి తన చేత్తోనే బిగిస్తానని. కానీ షరతులు పెట్టకపోతే ఆవిడ ఎటువైపక్క ఎలా అవుతుంది? తాళం కప్ప వెయ్యకూడదు, గడియ మాత్రమే. ఎదురింటి కుట్టుపనావిడ గంటకోసారి తీసి చూడాలి. స్టవ్వు వరండాలోకి మారాలి. ఆ అమ్మాయి అన్నిటికీ తలూపింది. పైకి చెప్పని షరతు ఒకటి ఎటువైపక్క తనలోనే దాచుకుంది. గడియకి రెండంగుళాల స్క్రూలు పడాలి. తను మాత్రం అరంగుళానివి సంచీలో వేసుకుంది. నిజంగా ప్రాణం మీదికొస్తే, లోపలి నుంచి గట్టిగా ఒక్క తోపు తోస్తే ఊడిపోవాలని. ఈ ఉపాయం తట్టినందుకు తనని తాను కాస్త మెచ్చుకుంది కూడా.

బిగిస్తుంటే ముసలావిడ పీట వేసుకుని పక్కనే కూర్చుంది. పని జరుగుతున్న చోట ఖాళీగా కూర్చునే అలవాటు లేదాయె. స్క్రూలన్నీ ఒళ్ళో పోసుకుని ఒక్కొక్కటే అందించింది. రెండోది అందిస్తూ, వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూసి మొహం చిట్లించింది.

"ఇదేంటమ్మాయ్, ఇది పై చెక్కలోనే ఉండిపోతుంది. ఒక్క తోపుకి ఊడొచ్చేస్తుంది. పెద్దవి పట్రా."

పెద్దవి అయిపోయాయని ఎటువైపక్క తలెత్తకుండానే చెప్పింది. గడియలమ్మే కొట్టులో స్క్రూలు లేవా, ఏం కొట్టమ్మా అది, అని ముసలావిడ చీవాట్లు పెట్టింది. ఎటువైపక్క పళ్ళ బిగువున ఆరూ తిప్పేసి, మొహం చాటేసుకుని వచ్చేసింది.

మూడు రోజులు ఏ కబురూ లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మరిది కొట్టు ముందుకి చూసి వదినా అన్నాడు. ముసలావిడ ఉత్తకాళ్ళతో, చెమటలు కారుతూ మెట్టెక్కుతోంది. ఎటువైపక్క కొట్టు ఎక్కడని అడిగితే ఆ వీధుల్లో ఎవరైనా చూపిస్తారు, కానీ పెద్ద రోడ్డు దాటితే తప్ప ఆ ఇంటి నుంచి ఈ కొట్టుకి దారి లేదు. చేతిలో గడియ ఉంది, దానికి ఆరు అరంగుళాల స్క్రూలూ వేలాడుతున్నాయి. తెచ్చి కౌంటరు మీద ఠపీమని పెట్టింది.

ఎటువైపక్క కౌంటరు దాటి వచ్చింది. ఎలా వచ్చావు పెద్దమ్మా, రోడ్డు ఎలా దాటావు అని భుజాలు పట్టుకుంది. ముసలావిడకి ఆ ప్రశ్న వినబడనే లేదు. సరుకు గురించి మాట్లాడటానికి వచ్చిన మనిషి సరుకు గురించే మాట్లాడింది.

"చెప్పానా లేదా ఊడొస్తుందని? పెద్దవి ఇవ్వు, రెండంగుళాలవి. మా ఇంట్లో ఒక ముసలిది ఉందమ్మాయ్. మంచిదే, కానీ నిలవదు, ఎటో వెళ్ళిపోతుంది. మా కోడలు పాపం రోజూ ఏడుస్తోంది. గట్టిగా ఉండాలి."

మరిది అటు తిరిగి ఏవో డబ్బాలు సర్దుతున్నట్టు నిలబడ్డాడు. ఎటువైపక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ సూపర్‌వైజరు మీదా, ఫ్యాక్టరీ మీదా, ఇస్త్రీ చొక్కా వాడి మీదా? ఎవరి మీద పెట్టినా నిలవలేదు, తిరిగి తిరిగి తన అరంగుళం తెలివి మీదికే వచ్చింది. తన మనసు కుదుటపడటానికి తను చేసుకున్న ఏర్పాటు ఆ మనిషిని లారీల మధ్యకి పంపింది.

ఫ్యాక్టరీకి ఫోను చెయ్యమని మరిదికి చెప్పి, పై అర మీది డబ్బా దించి ఆరు స్క్రూలు తీసింది. పొడుగువే. ముసలావిడ ఒకటి తీసుకుని గోటితో మర గీకి చూసి, ఇదీ సరుకంటే అంది. ఒక చేత్తో ఆమె చెయ్యి, ఇంకో చేత్తో డ్రిల్లు సంచీ పట్టుకుని ఎటువైపక్క రోడ్డు దాటించింది. దారి పొడుగునా ముసలావిడ, బెజ్జం ముందు సన్నగా వేసుకోవాలనీ, లేకపోతే చెక్క చీలుతుందనీ చెబుతూనే ఉంది.

కోడలు ఫ్యాక్టరీ ఆప్రాను విప్పకుండానే పరుగెత్తుకొచ్చింది. ఎదురింటి కుట్టుపనావిడ, ఇప్పుడే కదా చూసి గడియ వేసి వెళ్ళానని మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఎటువైపక్క ముసలావిణ్ణి లోపల మంచం మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, పాదాలు తుడిచి, బయటికొచ్చి తలుపు మూసింది. సన్నగా బెజ్జాలు వేసి ఆరు స్క్రూలూ చివరికంటా బిగించింది. గడియ వేసి, పిడి పట్టుకుని బలమంతా పెట్టి లాగి చూసింది. కదల్లేదు.

అవతలివైపు ఎప్పుడు లేచి వచ్చిందో, ముసలావిడ కూడా లోపలి నుంచి భుజంతో తోసి చూసింది. ఒకసారి, రెండుసార్లు.

"ఆఁ, ఇప్పుడు బాగా కుదిరింది" అంది.