ఆస్పిరిన్ ఓటు

డాక్టర్ వైనో పెల్కొనెన్ నోట మాట రావడం గనిలోంచి రాగి తీసినంత కష్టమని ఊళ్ళో చెప్పుకునేవారు. సుపీరియర్ సరస్సు ఒడ్డున, మిషిగన్ ఉత్తరపు కొసన ఉన్న ఆ గనుల ఊరికి యుద్ధానికి ముందు నుంచీ ఆయనొక్కడే డాక్టరు. పురుళ్ళూ, విరిగిన కాళ్ళూ, పిల్లల కోరింత దగ్గూ అన్నీ ఆయన నెత్తినే. ఆయన భార్య హిల్యా అయితే భోజనాల వేళ ఆయన కోసం ఎదురు చూడటం ఎప్పుడో మానేసింది.

అలాంటి మనిషికి తల నెరిశాక అదృష్టం కలిసొచ్చింది. ఎల్సా బ్రౌవర్ అనే పిల్లల డాక్టరు దక్షిణం నుంచి వచ్చి, ఇనప సామాను కొట్టు పక్కన గది అద్దెకు తీసుకుంది. వచ్చిన నెలలోనే వైనో పనిలో సగం తన మీద వేసుకుంది. చిక్కల్లా ఒక్కటే. కౌంటీ వైద్య సంఘంలో సభ్యత్వం ఉన్న డాక్టర్లే రోగుల్ని ఆసుపత్రిలో చేర్చాలని ఆసుపత్రి వాళ్ళ నియమం.

"సభ్యత్వం రాకపోతే నేను డులూత్ నగరానికి వెళ్ళిపోతాను డాక్టరు గారూ," అని ఎల్సా ముందే తేల్చి చెప్పింది. "జబ్బు ముదిరిన బిడ్డని ఆసుపత్రి గుమ్మంలో వదిలేసి రావడం నా వల్ల కాదు."

"వస్తుంది," అన్నాడు వైనో. ఆయన లెక్కలో అదొక ఉపన్యాసం.

ఆమె దరఖాస్తును ఆయనే ప్రతిపాదించాడు. అంతలో బోర్డు గొడవ వచ్చి పడింది. ఎల్సా ఒక పెయింటరు కొడుక్కి న్యుమోనియా నయం చేసింది. అతను కృతజ్ఞత కొద్దీ ఆమె గది మీద తలుపంత బోర్డు రాసిపెట్టాడు. అందులో ఒక ఎలుగుబంటి పిల్ల మెళ్ళో స్టెతస్కోపు వేసుకుని, ఇంకో ఎలుగుబంటి పిల్ల గుండె చప్పుడు వింటోంది. సంఘం కట్టుబాటు ప్రకారం డాక్టరు పేరు మూరెడు ఇత్తడి రేకు దాటకూడదు. దాటితే అది ప్రకటన. ప్రకటన ఇచ్చుకునేవాడు డాక్టరు కాదు, దుకాణదారు.

ఈ మాట అందరికన్నా గట్టిగా అన్నది క్లైడ్ పెన్‌రోజ్. పక్క ఊళ్ళో సర్జను, సంఘంలో అందరికన్నా పాతకాపు. వైనోతో ఆయనకు ఎప్పుడూ ఎకసెక్కమే.

ఫిబ్రవరి సమావేశం హోటల్ పైఅంతస్తులో జరిగింది. భోజనంలోకి పాస్టీలు, అంటే మాంసం, దుంపలు కూరి కాల్చిన పెద్ద కజ్జికాయల్లాంటివి, పెట్టారు. పెన్‌రోజ్ తన పాస్టీని ఫోర్కుతో విప్పి చూశాడు.

"ఇందులో కేరట్ వేశారు! ఏమయ్యా పెల్కొనెన్, వంటింట్లోకి కూడా మీ ఫిన్లాండ్ వాళ్ళే దూరారా? పాస్టీ అంటే మా కార్న్‌వాల్ వాళ్ళది. అందులో కేరట్ వెయ్యడం నేరం."

"తింటున్నావుగా," అన్నాడు వైనో.

"సాక్ష్యం మాయం చేస్తున్నాను."

ఆ తరువాత బోర్డు మీద చర్చ మొదలైంది. తలుపులు మూసేశారు, పైపులు వెలిగించారు. గది నిండా పొగ. ఎలుగుబంటిని ప్రకటన అనొచ్చా, చిన్నపిల్లలు చదవలేరు కాబట్టి బొమ్మ అవసరమా, అసలు మూర అంటే ఎవరి మూర అని వాదించుకున్నారు. కార్యదర్శి ఆర్థర్ గాన్యో చివరికి ఒక దారి చూపించాడు. బోర్డు వీధిలోంచి తీసి, లోపల పిల్లలు కూర్చునే గదిలో గోడకు పెట్టుకోవాలి. చాలామంది సరేనన్నారు.

"గోడకెక్కినా ఎలుగుబంటి ఎలుగుబంటే," అన్నాడు పెన్‌రోజ్. "నా నల్లబిళ్ళ ఖాయం. దాచుకోవడం నాకు చేతకాదు."

ఆ సంఘంలో ఓటు వేసే పద్ధతే వేరు. తెర వెనక బల్ల మీద రెండు సాసర్లు, చిల్లి పెట్టిన చెక్కపెట్టె ఉంటాయి. ఒక సాసరులో తెల్లని ఆస్పిరిన్ బిళ్ళలు, రెండో దాంట్లో కడుపుబ్బరానికి వాడే బొగ్గుబిళ్ళలు. తెల్లది వేస్తే అవును, నల్లది వేస్తే కాదు. రెండు నల్లవి పడితే దరఖాస్తు పోయినట్టే. ఏదీ వెయ్యకుండా వచ్చినా నల్లది కిందే లెక్క. బయటి బిళ్ళ చెల్లదు. ఓటు అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ప్రతిపాదించినవాడు అందరికన్నా ఆఖరున వెయ్యాలి. పాతకాపు తెర పక్కన కాపలా ఉండాలి.

ఒక్కొక్కరే వెళ్ళి వచ్చారు. పెన్‌రోజ్ కూడా తన బిళ్ళ వేసి కాపలాకి నిలబడ్డాడు. చివరికి వైనో తెర వెనక్కి వెళ్ళాడు. తెల్ల సాసరు ఖాళీగా ఉంది.

ఆయనకి వెంటనే అర్థమైంది. చర్చ జరుగుతున్నంతసేపూ ఆ సాసరు అందరి ముందూ భోజనాల బల్ల మీదే ఉంది, ఓటు వేళకే తెర వెనక్కి చేర్చారు. పొగకీ అరుపులకీ తలనొప్పి వచ్చినవాళ్ళు అలవాటుగా చెయ్యి చాపారు. తను కూడా రెండు వేసుకున్నాడు. డాక్టర్లందరూ కలిసి ఓట్లు మింగేశారు. ఇప్పుడు తన ముందున్నవన్నీ నల్లవే. పెన్‌రోజ్‌ది ఒకటి, తనది ఒకటి. ఎల్సా డులూత్ బస్సెక్కినట్టే.

ఆయన అలాగే నిలబడిపోయాడు.

"లోపల కునుకు తీస్తున్నావా?" అని గుసగుసగా అంటూ పెన్‌రోజ్ తెర తొలగించి తల పెట్టాడు.

వైనో సాసరు చూపించాడు. పెన్‌రోజ్ దాన్ని చూశాడు, వైనోని చూశాడు. ఆయన మీసం కదిలింది. గిర్రున తిరిగి చలికోట్లు తగిలించిన మూలకి నడిచాడు. ఆయన అలిగి వెళ్ళిపోతున్నాడని గదిలో అందరూ అనుకున్నారు. గాన్యో లేవబోయి, మాట్లాడకూడదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. పెన్‌రోజ్ తన కోటు జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీసి, తిరిగొచ్చి వైనో అరచేతిలో ఒక ఆస్పిరిన్ పెట్టాడు.

"బయటిది చెల్లదుగా," అని గొణిగాడు వైనో.

"చెల్లేదీ చెల్లనిదీ చూసే కాపలావాణ్ణి నేనే. నాకు కనపడలేదు."

"ఎందుకు మరి?"

"ఆ సాసరులో నాలుగు నేనే మింగాను. తలనొప్పి పుణ్యమా అని గెలిచానంటే మా ఆవిడే నవ్వుతుంది. వేసెయ్, కాళ్ళు లాగుతున్నాయి."

గాన్యో పెట్టె తెరిచాడు. అన్నీ తెల్లవే, ఒక్కటి తప్ప.

"అది ఎలుగుబంటికి," అన్నాడు పెన్‌రోజ్. "ఆ డాక్టరు పిల్లకి కాదు. పిల్ల మంచిదే."

గదిలో అందరూ గొల్లున నవ్వారు. ఎవరో కిటికీ తెరిచారు. వైనో కిందికి వెళ్ళి ఎల్సాకి ఫోను చేశాడు.

"వచ్చింది," అన్నాడు.

"డాక్టరు గారూ, మంచు తవ్వే రీనో కూతురికి రొప్పు ఎక్కువైంది," అంది ఎల్సా. "మీరు రాకపోయినా ఫరవాలేదు. ఆసుపత్రిలో నేనే చేర్చొచ్చు కదా ఇక?"

"చేర్చు," అన్నాడు వైనో.

పైకి వచ్చేసరికి తీపికి ఆపిల్ పై ముక్కలు వడ్డించి ఉన్నాయి. ఏ క్షణాన పిలుపొస్తుందోనని కుర్చీలోనే ఉంచుకున్న టోపీని వైనో తీసి బల్ల కింద పెట్టి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పెన్‌రోజ్ వింతగా చూశాడు.

"ఏమయ్యా, పరిగెత్తడం లేదా?"

"డాక్టరు ఉందిగా," అని వైనో ఇంకో ముక్క అడిగాడు.