ముగ్గుపిండి మీద మోపిన నింద

అకెమి గారు ఇక లేరు. మొన్న పొద్దున చిల్కానగర్ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ఎవరో ఫోనులో చూపించారు. నమ్మలేక రెండుసార్లు చదివించుకున్నాను. యాభై నాలుగేళ్ళు పోయే వయసా? జపాన్‌లో మంచు మీద స్కేటింగ్ పోటీల్లో రాణించి, ఇక్కడ నాచారంలో మన పిల్లలకు చక్రాల స్కేటింగ్ నేర్పిన ఆ మహనీయురాలు ఉప్పల్‌లో ఒక దవాఖానాలో గుండె ఆగి కన్నుమూశారు. ఆమె శిష్యుల స్కేట్లకు బేరింగులు మార్చి, ఆట గచ్చు ఊడ్చిన ఫిట్టరును నేను. బడికి పోయి చదివినవాణ్ణి కాను. అయినా ఈ అశ్రుతర్పణం నేనే చేయాలి.

ఆమె బాల్యంలో ఆ క్రీడలో ఒక కఠిన పరీక్ష ఉండేదట. మంచు మీద ఎనిమిది అంకెలా తిరిగి, మళ్ళీ అదే గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా తిరగాలి. న్యాయనిర్ణేతలు వంగి గీతను పరీక్షించేవారట. అందులో ఆమె అసమాన ప్రతిభాశాలి. తీరా ఆమెకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ పరీక్షనే ఎత్తేశారు. గాలిలోకి ఎగిరేవాళ్ళదే రాజ్యమైంది. ఆమె ఎగరడమూ నేర్చుకున్నారు. మోకాలు దెబ్బతిన్నా మానక, స్వదేశపు పోటీల్లో నాలుగో స్థానం దాకా వచ్చారు. అక్కడే ఆగిపోయారు.

"మూడో నంబరుకు మెడల్ ఉంటది నర్సన్నా, నాలుగో నంబరుకు మంచి నిద్ర ఉంటది" అని నవ్వేవారు.

ఇంజనీరైన భర్తతో నాచారం వచ్చారు. ఆయన పోయినా ఆమె వెళ్ళలేదు. "మంచు లేని ఊళ్ళె ఏం జేస్తవమ్మా?" అని అడిగాను. "గచ్చు ఉంది గద అన్నా" అన్నారు.

గచ్చు మీద గీత పడదు. దానికి ఉపాయం చిల్కానగర్ వాకిళ్ళలోనే దొరికింది. ముగ్గుపిండిని గుడ్డలో కట్టి పలచగా దులిపేవారు. దాని మీద తిరిగితే చక్రాల జాడ స్పష్టంగా కనిపించేది. "నీ గీత నువ్వే సూడు, నన్నడగకు" అనేవారు పిల్లలతో. ఆట అయ్యాక తడిగుడ్డతో రెండుసార్లు తుడిపించేవారు. నేను అరచేత్తో నిమిరి బాగుందని చెప్పేదాకా తరువాతి పిల్లలను గచ్చు ఎక్కనిచ్చేవారు కాదు. అదీ ఆమె నిష్ఠ.

పోయిన ఏడాది ఎవరో నాయకుడు వస్తున్నాడని, ఆ ఆటస్థలాన్ని నడిపే కమిటీవాళ్ళు ఆ గచ్చుకు నిగనిగలాడే నీలి ఎనామిల్ రంగు వేయించారు. ఆమె దాని మీద పాదం జార్చి చూశారు. "సార్, నున్నగయింది. పిల్లలు పడ్తరు. రంగు గీకించున్రి."

కమిటీ కార్యదర్శి నవ్వాడు. "మంచు మీద ఆడినోళ్ళు, గింతదానికే భయపడ్తె ఎట్ల మేడం? ఫోటోలల్ల మస్తు మెరుస్తది!"

ఆమె పాఠం ఆపేశారు. నాయకుడు వచ్చిన రోజు కమిటీవాళ్ళే పిల్లలను ఎక్కించారు. తొమ్మిదేళ్ళ శ్రావణి మొదటి మలుపులోనే జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. పరుగున వెళ్ళి తన చున్నీతో కట్టు కట్టింది అకెమి గారే.

మూడో రోజు కార్యదర్శి ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ముప్పై ఏళ్ళ పరిచయం. "అన్నా, పాప దవాఖానా ఖర్చుకు పనికొస్తది. జర సాక్షి సంతకం పెట్టు."

ఇంగ్లీషులో ఉంది. బడికి పోకున్నా నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు. వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతాను. అతని ముందు అలా చదవడానికి సిగ్గుపడ్డాను. సంతకం చేశాను. కోచ్ చల్లిన ముగ్గుపిండి వల్లనే పాప జారిందని ఆ కాగితంలో ఉందట! దానితోనే ఆమెను కోచ్ పని నుంచి తీసేశారు. ఎంత ద్రోహం! నమ్మించి నా చేతితోనే ఆ తల్లి గొంతు కోయించారు.

ఆమె ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టారు.

"సదివినవా అన్నా?"

"లేదమ్మా."

"అయితే నువ్వు అబద్ధం ఆడలే. సదవలే, గంతే. నిజం మల్ల రాసిస్తవా?"

ఇస్తానన్నాను. కార్యదర్శి దగ్గరికి వెళితే, "పెద్దమనిషివి, రెండు నాల్కలా? నీ మీదనే కేసయితది సూడు" అన్నాడు. బెదిరాను. రేపు, మాపు అంటూ ఎనిమిది నెలలు గడిపాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఎదురుపడితే "మంచిగున్నవా అన్నా?" అనేవారు. తిట్టినా బాగుండేది.

నిన్న సంతాపసభ. ఆమెను తరిమినవాళ్ళే "మా ఆత్మీయ గురువు" అని నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. కార్యదర్శి మైకులో కళ్ళు తుడుచుకున్నాడు. లేచి, "ముందుగాల ఆ దొంగ కాయితం చింపున్రి!" అని అరిచాను.

"పెద్దాయనకు దుఃఖం ఎక్కువైంది. జర నీళ్ళు తాగిపియ్యున్రి" అన్నాడు కార్యదర్శి. సభ జాలిగా తలాడించింది.

అయ్యా, నాది దుఃఖమే; మతిభ్రమ కాదు. కనుక ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు గచ్చు మీద చిటికెడు ముగ్గు లేదు. పొద్దున ఊడ్చింది నేనే. పాప జారింది రంగు మీద. ఆ రంగు ప్రమాదమని అకెమి గారు ముందే చెప్పారు. నేను చేసిన సాక్షి సంతకం అబద్ధం; దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

అమ్మా, నీ వంటి గురువు ఈ ఉప్పల్, నాచారాలకు మళ్ళీ దొరకదు. నువ్వు నన్ను అడిగింది ఒక్కటే, అదీ ఒక్కసారే. నువ్వు బతికుండి చదవగలిగిన రోజుల్లో అది రాసివ్వలేకపోయాను.

నర్సయ్య, నాచారం